ఎడమ కాలి పాఠం

కొన్ని వారాల క్రితం ఆదివారం రెండవ పూజ ముగిసి, జనమంతా గుడి మెట్లు దిగి ఇళ్ళకు వెళ్ళిపోయాక, మన విచారణకు చెందిన ఒక తండ్రి వరండాలో నాకోసం నిలబడి ఉన్నాడు. పక్కన ఎనిమిదవ తరగతి చదువుతున్న కొడుకు. ఆ కుర్రవాడు పరుగు పందెంలో గట్టివాడని మన వీధుల్లో అందరికీ తెలుసు. తండ్రి తాపీ పని చేస్తాడు. కష్టజీవి. ఏటా కానుక ఇవ్వడంలోనూ, గుడి పనికి చెయ్యి వేయడంలోనూ ఎవరికీ తీసిపోని మనిషి.

"అబ్బాయి జ్ఞానస్నాన సర్టిఫికెట్టు కావాలి ఫాదర్‌గారూ" అన్నాడు.

"దానికేముంది, ఇప్పుడే రాసిస్తాను" అన్నాను.

"పుట్టిన సంవత్సరం దగ్గర మాత్రం రెండేళ్ళు తేడాగా రాయాలి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల పోటీల్లో ఇంకో రెండేళ్ళు ఆడుకుంటాడు. జిల్లాకు వెళ్తాడు, రాష్ట్రానికి వెళ్తాడు. నాలుగు సర్టిఫికెట్లు చేతికొస్తే రేపు స్పోర్ట్స్ కోటాలో ఎక్కడో ఒక సీటో, చిన్న ఉద్యోగమో దొరుకుతుంది. మిగతా కాగితాల సంగతి నేను చూసుకుంటాను. మొదటి ఆధారం మీ కాగితమే." కాసేపు ఆగి ఒక ప్రశ్న వేశాడు. "ఇందులో ఎవరికి నష్టం ఫాదర్‌గారూ?"

కుర్రవాడు తల వంచుకుని తన చెప్పుల వంక చూస్తున్నాడు. నేను పుస్తకం తీసి, అందులో ఉన్న తేదీనే సర్టిఫికెట్టు మీద రాసి, ముద్ర వేసి ఇచ్చాను. తండ్రి మారు మాట్లాడకుండా తీసుకున్నాడు. ఆ ముఖంలో కోపం లేదు గాని నొచ్చుకున్నాడని తెలిసింది. కుర్రవాడు మాత్రం తలెత్తి నా వంక ఒక్క క్షణం చూశాడు. అది దిగులో, ఊరటో నాకు అంతుపట్టలేదు.

అబద్ధం ఆడకూడదు గనుక రాయనన్నాను. అది తేలికైన జవాబు. కాని ఆయన అడిగింది ఆజ్ఞల గురించి కాదు. నష్టం గురించి. ఇందులో దెబ్బ తినేవాడు ఎవరో చూపించమన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. గుమ్మంలో నిలబడి చెప్పలేని జవాబు గనుక ఈ వారం ఇక్కడ రాస్తున్నాను. అయితే ఆ జవాబు చెప్పే అర్హత నాకు ఎంతవరకు ఉందో ముందుగా మీకు తెలియాలి.

దాదాపు పాతికేళ్ళ క్రితం మాట. గురుపట్టం పొంది రెండేళ్ళు కూడా కాలేదు. ఒక పాఠశాలకూ, దాని పక్కనున్న బాలుర హాస్టలుకూ నన్ను బాధ్యుడిగా పంపారు. అక్కడి డ్రిల్లు మాస్టారు ఉత్సాహవంతుడు. కబడ్డీ అంటే ప్రాణం పెట్టేవాడు. జోనల్ క్రీడల్లో పద్నాలుగేళ్ళ లోపు జట్టు వరుసగా మూడేళ్ళు పొరుగు బడి చేతిలో ఓడిపోయింది. "వాళ్ళ పిల్లలకు మీసాలు వచ్చేశాయి ఫాదర్‌గారూ. మనం మాత్రం హరిశ్చంద్రుళ్ళలా కూర్చుంటే కప్పు ఎలా వస్తుంది?" అనేవాడు.

మా హాస్టల్లో ఎనిమిదవ తరగతి చదివే ఒక పెద్ద కుర్రవాడు ఉండేవాడు. మధ్యలో రెండేళ్ళు చదువు మాని గొర్రెలు కాసి మళ్ళీ బడిలో చేరినవాడు. పదహారేళ్ళు నిండాయి. అతణ్ణి జట్టులోకి తీసుకుంటామని మాస్టారు అడిగాడు. ఎంట్రీ ఫారం మీద పుట్టిన తేదీ ఆయనే నింపాడు. నేను చేయవలసిందల్లా కింద సంతకం పెట్టడం. పెట్టాను. జ్ఞానస్నాన పుస్తకంలో ఒక్క అక్షరం దిద్దలేదు, క్రీడల కాగితం మీద సంతకం మాత్రమే పెట్టాను గదా అని నా మనస్సాక్షికి నేనే సర్దిచెప్పుకున్నాను. నేర్చుకున్న తత్త్వశాస్త్రం మనిషికి ఒక్కోసారి ఇలా కూడా ఉపయోగపడుతుంది.

ఆ ఏడు కప్పు మాకు వచ్చింది. ఆఫీసులో బీరువా మీద పెట్టాం. వార్షికోత్సవానికి వచ్చిన పెద్దలంతా చేతిలోకి తీసుకుని మెచ్చుకున్నారు.

ఆ పెద్ద కుర్రవాడు వచ్చినందువల్ల ఏడుగురిలో చోటు పోయినవాడు ఒకడున్నాడు. సన్నగా, రివటలా ఉండే పిల్లవాడు. కూతకు వచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకుంటే వదిలేవాడు కాదు. పోటీ రోజున వాడు మంచినీళ్ళ బిందె దగ్గర కూర్చుని అన్నలకు గ్లాసులు అందించాడు. ఆ తరువాత కొన్ని వారాలకు, సాయంత్రం ఆటల గంటలో వాడు బావి గట్టు మీద పుస్తకం పట్టుకుని కూర్చోవడం గమనించాను. ఆడటానికి రావేమని అడిగితే "చదువుకోవాలి ఫాదర్" అన్నాడు. నేనేం చేశానో తెలుసా? వాడి భుజం తట్టి, బుద్ధిమంతుడివని మెచ్చుకున్నాను.

నా తప్పు అసలు స్వరూపం నాకు బోధపడింది చాలా ఏళ్ళ తరువాత, ఒక హైదరాబాదు బడిపంతులు గురించి చదివినప్పుడు.

సయ్యద్ అబ్దుల్ రహీంగారి పేరు మీలో పెద్దవారు విని ఉంటారు. 2024లో ఆయన జీవితం ఆధారంగా 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది గనుక పిల్లలకు కూడా కొంత తెలిసి ఉండవచ్చు. ఆయన 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడులలో పనిచేశారు. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది పిల్లల ఆటల బాధ్యత తలకెత్తుకున్నారు. తరువాత హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950 నుండి 1963లో కన్నుమూసేవరకు భారత జట్టును తీర్చిదిద్దింది కూడా ఆయనే. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మళ్ళీ బంగారం. జకార్తాకు వెళ్ళేనాటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరామ్ మెల్బోర్న్‌లోనూ, జకార్తాలోనూ ఆడినవాడే.

అయితే నన్ను ఆపి ఆలోచింపజేసినవి ఈ పతకాలు కావు. కుర్రవాళ్ళ కోసం రహీంగారు నడిపిన కొన్ని విచిత్రమైన పోటీలు. వాటిలో ఒక దానికి నియమం ఏమిటంటే, బంతిని బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడి కాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో, ఎడమ కాలి వాటం ఉన్నవాడు కుడి కాలితో. ఇంకొక పోటీలో బంతిని కాళ్ళ మధ్య ఆడించుకుంటూ ఒంటరిగా దూసుకుపోవడానికి వీల్లేదు. అందినవాడు సాటివాడికి అందించి తీరాలి.

ఒక్కసారి ఆ మైదానాన్ని ఊహించుకోండి. కుడి కాలితో బంతిని బాణంలా కొట్టే కుర్రవాడు ఒకడున్నాడు. మామూలుగా అయితే వాడే జట్టుకు నాయకుడు. వాడికి బంతి అందించడమే మిగతావాళ్ళ పని. ఈ పోటీలో వాడి కుడి కాలికి విలువ లేదు. ఎడమ కాలు ఎత్తితే బంతి ఒక దిక్కున, వాడి చూపు ఒక దిక్కున. చుట్టూ అంతా నవ్వుతారు. ఇంతవరకు వాడికి నీళ్ళు అందించిన పిల్లవాడు ఇప్పుడు వాడితో సమానం. వాడికి కోపం వస్తుంది, సిగ్గు వేస్తుంది. మరునాడు గోడకు ఎదురుగా నిలబడి ఎడమ కాలితో సాధన మొదలుపెడతాడు.

మన భాషలో ఎడమ కాలికి మర్యాద లేదు. కొత్త కోడలు కుడి కాలు ముందు పెట్టి ఇంట్లోకి రావాలి. ఎవరైనా దేన్నయినా తృణీకరిస్తే ఎడమ కాలితో తన్నాడంటాం. అటువంటి కాలి కోసం ఒక బడిపంతులు ప్రత్యేకంగా పోటీ పెట్టాడు. ఎందుకు? ఆ కుర్రవాడి వల్ల ఈ రోజు తన జట్టుకు ఏం వస్తుందని ఆయన అడగలేదు. ఈ కుర్రవాడిలో ఇంకా పెరగనిది ఏముందని అడిగాడు. ఆ రెండు ప్రశ్నలకూ మధ్య ఉన్న దూరమే మన పాఠశాలల్లో ఆటల సమస్య అంతా.

రెండవ నియమాన్ని కూడా చూడండి. బంతి మీద మోజు ఉన్న పిల్లవాడికి దాన్ని వదిలిపెట్టడం కంటే కష్టమైన పని లేదు. నలుగురిని తప్పించుకుని తానే వెళ్ళి కొట్టాలనుకుంటాడు. అందించి తీరాలన్న నియమం వల్ల వాడు తలెత్తి చుట్టూ చూడక తప్పదు. ఎవరెక్కడ ఉన్నారో గమనించక తప్పదు. పక్కవాణ్ణి నమ్మక తప్పదు. వినయం మీద, ప్రేమ మీద నేను ఇరవై ప్రసంగాలు చెప్పినా అంత చప్పున ఎక్కదు.

ఇప్పుడు నేను చేసిన పని పక్కన పెట్టి చూడండి. రహీంగారు పిల్లవాడికి ఉన్న బలాన్ని కాసేపు పక్కకు తీసి, బలహీనతకు సాధన ఇచ్చారు. నేను పిల్లవాడికి లేని బలాన్ని కాగితం మీద అరువిచ్చి, వాడి బలహీనతను కప్పిపెట్టాను. మా పెద్ద కుర్రవాడు ఆ ఏడు గెలిచింది ఒంటి బరువుతో. పదమూడేళ్ళ పిల్లల మధ్య పదహారేళ్ళ వాడు ఒడుపు నేర్చుకోవలసిన అవసరం ఏముంటుంది? కూతకు వెళ్ళి నలుగురిని ఈడ్చుకుంటూ గీత దాటి వచ్చేవాడు. తరువాత రెండేళ్ళకు తన ఈడు వాళ్ళతో తలపడవలసి వచ్చింది. ఇప్పుడు ఎదుటివాళ్ళు తనంత ఉన్నారు. వాడికి తెలిసిన ఉపాయం ఒక్కటే, అది పనిచేయడం మానేసింది. ఆ ఏడాది చివరికి ఆట వదిలేశాడు. వాడి కుడి కాలిని మేమే మెచ్చుకుని మెచ్చుకుని, ఎడమ కాలిని ఎండగట్టాం.

ఇది ఈనాటి జబ్బు కాదు. గురువిద్యాలయంలో చదివేటప్పుడు అరిస్టాటిల్ రాసిన 'రాజనీతి' గ్రంథం చివరి భాగంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఒలింపియా విజేతల జాబితా చూస్తే, బాలుర పోటీల్లో గెలిచి, పెద్దయ్యాక పురుషుల పోటీల్లోనూ గెలిచినవాళ్ళు ఇద్దరో ముగ్గురో మాత్రమే కనిపిస్తారని ఆయన గుర్తు చేస్తాడు. కారణం కూడా చెబుతాడు: చిన్నతనంలోనే కఠినమైన సాధనతో వాళ్ళ శక్తిని పిండేశారు. ఇది ఊసుపోక అన్న మాట కాదు. డెల్ఫీ క్రీడల విజేతల జాబితాను బంధువైన కలిస్తనీస్‌తో కలిసి స్వయంగా తయారు చేసిన మనిషి ఆయన. కాయ పండకముందే కోసి బజారుకు పంపితే ఆ రోజుకు ధర పలుకుతుంది, విత్తనానికి పనికిరాదు. 2300 ఏళ్ళ క్రితం గ్రీకు తండ్రులు చేసిన తప్పే మనమూ చేస్తున్నాం.

ఇక్కడ మీలో కొందరు అడగవచ్చు: "గెలుపు వద్దంటారా ఫాదర్‌గారూ? ఓడిపోయి రమ్మని పిల్లలకు చెప్పమంటారా?"

అనను. పందెంలో పరుగెత్తేవాడు గెలవాలనే పరుగెత్తాలి. పునీత పౌలుగారు కొరింతీయులకు రాస్తూ పరుగు పందెం ఉదాహరణ చెప్పినప్పుడు, బహుమతి పొందేలా పరుగెత్తమనే హెచ్చరించారు. ఆ కొరింతు పట్టణం దగ్గరే రెండేళ్ళకొకసారి ఇస్త్మియా క్రీడలు జరిగేవి గనుక చదివేవాళ్ళకు ఆ ఉదాహరణ కళ్ళకు కట్టినట్టు ఉండేది. ఆ పౌలుగారే తిమోతికి రాసిన రెండవ లేఖలో, నియమాలకు లోబడి పోటీ చేయని క్రీడాకారునికి కిరీటం దక్కదని కూడా చెప్పారు. గెలవాలనే కోరిక, నియమాన్ని మీరకూడదనే పట్టుదల ఒకే మనిషిలో ఉండవచ్చు. ఉండాలి కూడా.

గెలుపు దేన్ని బట్టి వస్తుందో, దేన్ని గెలుపు అనాలో తెలుసుకోవడం వేరే సంగతి. అమెరికాలో జాన్ వుడెన్ అనే శిక్షకుడు ఉండేవాడు. 1910లో పుట్టి 2010లో మరణించాడు. ఆయన శిక్షణలో ఒక విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టు 1964 నుండి 1975 వరకు పన్నెండేళ్ళలో పదిసార్లు జాతీయ విజేతగా నిలిచింది. అంతకుముందు ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పే మాస్టారు. తమ పిల్లలకు మొదటి శ్రేణి మార్కులు రాలేదని తల్లిదండ్రులు వచ్చి నిలదీసేవారట. పిల్లవాడు శక్తికొద్దీ కష్టపడ్డా పక్కింటి పిల్లవాడికి ఎక్కువ వచ్చాయి గనుక వీడు విఫలుడేనా అని ఆయన మథనపడ్డాడు. చివరికి 1934లో తనకోసం ఒక నిర్వచనం రాసుకున్నాడు: తాను కాగలిగినంత గొప్పగా కావడానికి చేయగలిగినదంతా చేశానన్న మనశ్శాంతే విజయం అని దాని సారాంశం. ఏటా కొత్త జట్టుకు ఆయన నేర్పే మొదటి పాఠం మేజోళ్ళు ముడతలు లేకుండా తొడుక్కోవడం. ముడత పడితే బొబ్బ లేస్తుంది, బొబ్బ లేస్తే ఆట దెబ్బ తింటుంది. గెలుపు గురించి ఆయన నోట మాట వినలేదని ఆయన దగ్గర ఆడినవాళ్ళు చెప్పారు.

పక్కింటి పిల్లవాడి మార్కులు! ప్రియ తల్లిదండ్రులారా, ఇది అమెరికా సంగతా, మన ఇంటి సంగతా?

అయితే ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. నిజాయితీగా ఉంటే చివరికి పతకాలు వస్తాయని మాత్రమే నేను చెబితే అది సగం మాట. రహీంగారి జట్టే 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. 1962లో జకార్తాలో కూడా ఓడిపోయి ఉంటే ఆయన పద్ధతి తప్పయ్యేదా? కాదు. ఆయన దగ్గర ఎడమ కాలితో ఆడిన పిల్లల్లో భారత జట్టు దాకా వెళ్ళినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మిగతావాళ్ళు ఏ గుమాస్తాలో, దుకాణదారులో, పోలీసులో అయి ఉంటారు. వాళ్ళకు దక్కింది ఏమిటి? తనలో బలహీనమైనది ఉన్నదని సిగ్గుపడకుండా ఒప్పుకోవడం, దాన్ని సాధనతో సరిచేసుకోవచ్చునని స్వయంగా చూడటం, బంతిని పక్కవాడికి అందించడం. ఏ మనిషినీ కేవలం సాధనంగా వాడుకోరాదని, మనిషి తనంతట తానే ఒక లక్ష్యమని జర్మన్ తత్త్వవేత్త కాంట్ బోధించాడు. మన మాటల్లో చెప్పాలంటే, పిల్లవాడి కోసం పందెం, పందెం కోసం పిల్లవాడు కాదు. బడి ఆటలకు పరీక్ష పెట్టవలసింది జాతీయ జట్టుకు వెళ్ళిన ఒక్కడిని చూసి కాదు. వెళ్ళని తొంభై తొమ్మిది మందిని చూసి.

ఇప్పుడు మన తాపీమేస్త్రీ ప్రశ్నకు వస్తాను. ఇందులో ఎవరికి నష్టం?

మొదటి నష్టం, మనకు ముఖం కూడా తెలియని ఒక పిల్లవాడికి. రెండేళ్ళు తగ్గించిన మీ అబ్బాయి పరుగు వరుసలో నిలబడితే, నిజంగా పద్నాలుగేళ్ళ లోపు ఉన్న ఒకడు ఇంటికి వెళ్ళిపోవాలి. వాడి తండ్రి కూడా ఏ తాపీ పనో, కూలి పనో చేస్తూ ఉండవచ్చు. పేదవాడి అవసరం గొప్పది, నిజమే. కాని ఆ సీటు మనం లాక్కునేది ఏ ధనవంతుడి దగ్గర నుంచో కాదు.

రెండవ నష్టం, మీ అబ్బాయికే. తనకంటే చిన్నవాళ్ళను ఓడించి గెలిచే రెండేళ్ళూ వాడు ఏమీ నేర్చుకోడు. పైగా, నా అసలు వయసుతో, నా అసలు బలంతో నేను చాలను అనే మాట వాడి మనసులో నాటుకుపోతుంది. ఆ మాట నాటింది వాణ్ణి అందరికంటే ఎక్కువగా ప్రేమించే తండ్రి.

మూడవ నష్టం, మీకు. బెంగళూరు సెయింట్ జోసెఫ్స్ బడిలో చదువుకున్న రాహుల్ ద్రావిడ్ 2015లో పటౌడీ స్మారకోపన్యాసం ఇస్తూ ఈ వయసు మోసం గురించే గట్టిగా మాట్లాడాడు. అమ్మానాన్నలూ, శిక్షకుడూ కలిసి దొంగ సర్టిఫికెట్టు పుట్టించడం కళ్ళారా చూసిన పిల్లవాడు మోసగాడు కావడానికి అది ప్రోత్సాహం కాదా అని ఆయన ప్రశ్న. పద్నాలుగేళ్ళప్పటి ఈ చిన్న మోసమే పాతికేళ్ళకు ఫిక్సింగు వంటి పెద్ద అవినీతిగా పెరగవచ్చునని హెచ్చరించాడు. రేపు మీరు కొడుకును "నిజం చెప్పు" అని నిలదీసిన రోజున, వాడు పైకి ఏమీ అనకపోవచ్చు. కాని ఆ వరండా వాడికి గుర్తుంటుంది.

నాలుగవ నష్టం, జట్టు మొత్తానికి. మా పెద్ద కుర్రవాడి అసలు వయసు మా పన్నెండు మంది పిల్లలకూ తెలుసు. ఎవడూ నోరు మెదపలేదు. ఫాదర్‌గారు సంతకం పెట్టారు గనుక అది తప్పు కాదనుకున్నారో, లేక తప్పయినా ఫాదర్‌గారే చేశారు గదా అనుకున్నారో నాకు తెలియదు. రెండింటిలో ఏది ఎక్కువ హానికరమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"అందరూ చేస్తున్నారు" అంటారా? మేస్త్రీగారూ, మీరు మట్టం చూడకుండా ఇటుక పెట్టరు. కింద వరస వంకర పోతే పైన ఎంత నునుపుగా సిమెంటు పూసినా గోడ నిలవదని మీకు తెలిసినంత బాగా నాకు తెలియదు. పక్క ఇంటివాళ్ళ గోడ వంకరగా ఉందని మీ గోడను వంకరగా కడతారా?

ప్రియ పాఠకులారా, ఇది ఒక్క తండ్రి సంగతి కాదు. మన విచారణ పాఠశాలలను నడిపే గురువులకు, సిస్టర్లకు, ఉపాధ్యాయులకు నా మనవి ఒకటుంది. డ్రిల్లు మాస్టారును మనం ఏం అడుగుతున్నామో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఏడాది చివర "ఎన్ని కప్పులు వచ్చాయి?" అని మాత్రమే అడిగితే ఆయన కప్పులే తెస్తాడు, ఎలా తెచ్చాడో మనకు చెప్పడు. దానికి బదులు, ఈ ఏడు ఎంతమంది పిల్లలు మైదానంలోకి దిగారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎందుకు మానేశారు అని అడుగుదాం. దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టి పోటీ ఓడిపోయిన మాస్టారుకు వార్షికోత్సవం నాడు నలుగురిలో శాలువా కప్పుదాం. సాయంత్రం ఆటల గంటను లెక్కల ప్రత్యేక తరగతికి అప్పగించకుండా కాపాడుదాం. ఆడపిల్లలకు కూడా ఆ మైదానంలో సగం గంట కాదు, పూర్తి గంట ఇద్దాం.

తల్లిదండ్రులకు ఒక్క చిన్న మాట. ఆట నుండి ఇంటికి వచ్చిన బిడ్డను మొదట "గెలిచావా?" అని అడగకండి. "ఈ రోజు కొత్తగా ఏం వచ్చింది?" అని అడగండి. "ఎవరికి బంతి అందించావు?" అని అడగండి. గెలిచిన సంగతి ఉంటే వాళ్ళే గుమ్మంలో నుంచే అరిచి చెబుతారు. ఓడిపోయి వచ్చిన రోజున ముందు అన్నం పెట్టండి.

బావి గట్టు మీద కూర్చున్న ఆ సన్నటి కుర్రవాడు ఏమయ్యాడో చెప్పి ముగిస్తాను. 2017లో, నేను మరొక విచారణలో ఉండగా, ఒక యువకుడు తొలిచూలు బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించడానికి వచ్చాడు. భార్య పుట్టిల్లు ఆ ఊరేనట. నేను గుర్తుపట్టలేదు గాని అతడు నన్ను గుర్తుపట్టాడు. హాస్టలు పేరు చెప్పగానే నా గుండె కొంచెం బరువెక్కింది. "ఇంకా కబడ్డీ ఆడుతున్నావా బాబూ?" అని అడిగాను. "అప్పుడే మానేశాను గదా ఫాదర్" అన్నాడు. మాటలో నిష్ఠూరం లేదు.

పుస్తకం తెరిచి, కలం తీసి, బిడ్డ పుట్టిన తేదీ అడిగాను. తేదీ, నెల, సంవత్సరం చెప్పాడు. చెప్పి, నవ్వుతూ, "సరిగ్గా రాయండి ఫాదర్" అన్నాడు.

తండ్రులందరూ అనే మాటే కావచ్చు. కాకపోనూ వచ్చు. చుట్టూ బంధువులు, జ్ఞాన తల్లిదండ్రులు, ఏడుస్తున్న పసిబిడ్డ. అడగవలసిన క్షమాపణ ఆ రోజు అడగలేకపోయాను. అతని ఇంటికి ఈ పత్రిక వస్తుందో రాదో తెలియదు. వస్తే, బాబూ, ఈ వ్యాసం నీకోసమే రాశాను. ఆ ఏడు జట్టులో ఏడవ చోటు నీది. నా సంతకంతో నీకు లేకుండా చేశాను. నన్ను క్షమించు. నీ బిడ్డ మైదానానికి వెళ్ళే వయసుకు వచ్చి ఉంటుంది. పంపించు.